ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వెళ్లిన పూర్వీకుడి జాడ తీయడం ఎలా?

మెల్‌బోర్న్, సిడ్నీల్లో స్థిరపడిన తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. కోడలో అల్లుడో అక్కడి కుటుంబం నుంచి వచ్చారు. బడిలో పిల్లలకు వంశవృక్షం గీసుకురమ్మని చెప్పారు. తెలుగు వైపు పేర్లు ఊళ్లో ఉన్న పెదతాతగారికి ఫోన్ చేస్తే గడగడా చెప్పేస్తారు. రెండో వైపు మాత్రం "మా తాతగారి తాతో, ఆయన తండ్రో ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చాడట" అన్న దగ్గర ఆగిపోతుంది. సికింద్రాబాద్, విశాఖపట్నాల్లోని ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లోనూ ఇదే మాట వింటాం.

ఆ "వచ్చాడట" నిజమో కాదో తేల్చుకోవచ్చు. పొలం పనికి వెళ్లిన మామూలు మనిషి గురించి కూడా 19వ శతాబ్దపు కాగితాలు చాలా చెబుతాయి. అతని టికెట్టుకు డబ్బు పెట్టిన ప్రభుత్వాలు ఎవరికి పెట్టాయో రాసుకున్నాయి, ఆ పుస్తకాలు చాలావరకు మిగిలాయి. కావలసింది ఓపిక, దానితో పాటు ఒక క్రమం. ఆస్ట్రేలియాకు వెళ్లినవారిని దృష్టిలో పెట్టుకుని ఆ క్రమాన్ని చెబుతాను. న్యూజిలాండ్, కెనడా, అమెరికాలకు వెళ్లినవారికి ఆఫీసులు మారతాయి, పద్ధతి ఇదే.

అసలు నియమం ఒక్కటే. చావు దగ్గర మొదలుపెట్టి పుట్టుక వైపు నడవండి. వలస వెళ్లిన దేశంలో పని పూర్తయ్యేదాకా ఇంగ్లండ్ రికార్డుల జోలికి పోకండి. చాలామంది దీనికి వ్యతిరేకంగా చేస్తారు. పేరు, ఇంగ్లండ్ అని టైప్ చేసి, పైన కనిపించిన జాన్ టేలర్‌ను తాతగా స్వీకరిస్తారు. ఆ కాలపు ఇంగ్లండ్‌లో జాన్ టేలర్లు వేలమంది. ఒక్క తప్పు మనిషిని పట్టుకుంటే, ఆ పైన ఎన్ని తరాలు రాసినా అవన్నీ ఇంకొకరి పూర్వీకులవే అవుతాయి.

దారి చూపడానికి అందరికీ తెలిసిన ఒక మనిషిని తీసుకుందాం. సర్ హెన్రీ పార్క్స్ న్యూ సౌత్ వేల్స్‌కు ఐదుసార్లు ప్రీమియర్‌గా, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలో, పనిచేశాడు. ఆస్ట్రేలియాలోని బ్రిటిష్ కాలనీలన్నీ ఒక దేశం కావాలని పోరాడినవాళ్లలో ముందు వరుసలోని మనిషి. 1839లో సిడ్నీలో దిగినప్పుడు మాత్రం అతను సొంత టికెట్టు కొనుక్కోలేని బర్మింగ్‌హామ్ చేతిపనివాడు. ఎముక, దంతంతో వస్తువులు చెక్కేవాడు. అతని జీవితం ఏ కాగితంలో ఎలా కనబడుతుందో చూస్తే మీ పూర్వీకుడిని ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ముందు ఇల్లు వెతకండి

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ వారమే కూర్చుని మాట్లాడండి. రికార్డులు ఎక్కడికీ పోవు, మనుషులు పోతారు. కుటుంబ బైబిల్ మొదటి పేజీల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసే అలవాటు ఆ ఇళ్లలో ఉండేది. పాత ఫోటోల వెనక స్టూడియో పేరు, ఊరు అచ్చు వేసి ఉంటాయి. ఉత్తరాలుంటే అవే నిధి. పార్క్స్ కొత్త దేశం నుంచి బర్మింగ్‌హామ్‌లోని తన వాళ్లకు రాసిన ఉత్తరాలు అతను పోయాక అచ్చయ్యాయి. కొత్తలో పడిన కష్టం, నిరాశ వాటిలో దాపరికం లేకుండా ఉన్నాయి.

పిల్లల మొదటి పేరుకూ ఇంటిపేరుకూ నడుమ వచ్చే మధ్య పేర్లను, ఇళ్లకు పెట్టుకున్న పేర్లను కూడా రాసుకోండి. సిడ్నీ దగ్గరి బ్లూ మౌంటెన్స్ కొండల్లో పార్క్స్ తన ఇంటికి ఫాల్కన్‌బ్రిడ్జ్ అని పేరు పెట్టాడు. అది తల్లి మార్తా పుట్టింటి ఇంటిపేరు. తర్వాత ఆ ఊరికీ అదే పేరు నిలిచింది. మీ కుటుంబంలో ఒక పిల్లవాడి మధ్య పేరు విచిత్రంగా ఉంటే, అది ఏ అమ్మమ్మ పుట్టింటి పేరో అయ్యుండే అవకాశం బాగా ఉంది.

ప్రతి విషయం పక్కన ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాయండి. ఆరు నెలల తర్వాత "ఈ తేదీ నాకెక్కడిది?" అని తల పట్టుకునే టెన్షన్ ఉండదు.

మరణ ధ్రువీకరణ పత్రం: డబ్బు పెట్టవలసిన మొదటి కాగితం

కాలనీల్లో ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఒకేసారి మొదలవలేదు. టాస్మేనియాలో 1838లో, పశ్చిమ ఆస్ట్రేలియాలో 1841లో, దక్షిణ ఆస్ట్రేలియాలో 1842లో, విక్టోరియాలో 1853 జులైలో, న్యూ సౌత్ వేల్స్‌లో 1856 మార్చిలో మొదలైంది. అంతకుముందువి కావాలంటే చర్చి పుస్తకాలు చూడాలి.

ఆలస్యంగా మొదలుపెట్టిన విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్‌ల పత్రాలే అన్నిటికంటే గొప్పవి. మరణ పత్రంలో చనిపోయిన మనిషి వయసు, వృత్తి, కారణంతో పాటు తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, తండ్రి వృత్తి, పుట్టిన చోటు ఉంటాయి. ఏ ఊళ్లో, ఎన్నో ఏట, ఎవరిని పెళ్లాడాడో, పిల్లలెవరో వయసులతో సహా ఉంటుంది. వీటన్నిటికీ తోడు "కాలనీల్లో ఎన్నేళ్లుగా ఉన్నాడు" అన్న గడి. చనిపోయిన సంవత్సరంలోంచి ఆ సంఖ్య తీసేస్తే ఓడ వచ్చిన సంవత్సరం దాదాపుగా తెలుస్తుంది. 1896లో చనిపోయినవాడి పత్రంలో 57 ఏళ్లు అని ఉంటే, మీరు వెతకవలసింది 1839 చుట్టూ ఉన్న ఓడలను. దక్షిణ ఆస్ట్రేలియా, టాస్మేనియాల 19వ శతాబ్దపు మరణ పత్రాల్లో తల్లిదండ్రుల పేర్లు ఉండవు కాబట్టి అక్కడ ఈ దారి కొంచెం ఇరుకు.

పత్రం చేతికి రాగానే మొదట సమాచారం ఇచ్చినదెవరో చూడండి. చెప్పింది భార్య అయితే ఒక బలం, ఇంట్లో అద్దెకున్న మనిషి అయితే ఇంకో బలం. కొడుకు చెప్పినా, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చూడని నాయనమ్మ పేరు తప్పు చెప్పి ఉండవచ్చు. "తెలియదు" అని రాసి ఉంటే నిరుత్సాహపడకండి. విక్టోరియాలోనో న్యూ సౌత్ వేల్స్‌లోనో ఆ మనిషికి పుట్టిన కడసారి బిడ్డ జనన పత్రం తెప్పించండి. అందులో తల్లిదండ్రుల వయసులు, వాళ్లు పుట్టిన చోట్లు, పెళ్లయిన ఊరు, సంవత్సరం, అంతకుముందు పుట్టిన పిల్లలు ఉంటారు. ఇది తండ్రో తల్లో బతికుండగా స్వయంగా చెప్పిన మాట. నా లెక్కలో చావు పత్రం కంటే దీనికే విలువ ఎక్కువ.

ఓడ

ఇంగ్లండ్ వదిలి వెళ్లినవారి జాబితాలు బ్రిటన్‌లో 1890 నుంచే క్రమంగా మిగిలాయి. అంతకుముందు బయలుదేరినవారిని లివర్‌పూల్, ప్లిమత్ రేవుల వైపు నుంచి వెతకడం వృథా శ్రమ. దిగిన రేవు వైపు నుంచే వెతకాలి.

ఇక్కడ మొదట తేలవలసింది ఒక్కటే: టికెట్టు డబ్బు ఎవరు పెట్టారు? 1830ల నుంచి కాలనీ ప్రభుత్వాలు భూములు అమ్మగా వచ్చిన డబ్బుతో కూలీలను, పనిమనుషులను, చేతిపనివాళ్లను రప్పించాయి. బౌంటీ పద్ధతిలో, అర్హత ఉన్న మనిషిని ఒడ్డు చేర్చినందుకు తెచ్చినవారికి తలకింత అని చెల్లించేవారు. పార్క్స్, అతని భార్య క్లారిండా అలాగే స్ట్రాత్‌ఫీల్డ్‌సే అనే ఓడలో వచ్చి 1839 జులై 25న సిడ్నీలో దిగారు. దానికి రెండు రోజుల ముందు ఓడలోనే ఆమెకు బిడ్డ పుట్టింది.

డబ్బు చెల్లించాలంటే మనిషిని తనిఖీ చేయాలి కదా. ఆ తనిఖీ కాగితాలే మనకు మిగిలాయి. న్యూ సౌత్ వేల్స్ స్టేట్ ఆర్కైవ్స్‌లో బౌంటీ వలసదారుల అర్హత పత్రాలున్నాయి. వాటిలో సొంత ఊరు, వయసు, వృత్తితో పాటు ఆ మనిషి నడవడికి పూచీ ఇచ్చినవారి పేర్లు కనిపిస్తాయి. ఆ పూచీదారు తరచుగా ఊరి పాదిరీయే. 1848 నుంచి ఇమిగ్రేషన్ బోర్డు జాబితాలు మరీ వివరంగా ఉంటాయి: తల్లిదండ్రుల పేర్లు, వాళ్లు బతికున్నారా, ఎక్కడున్నారు, మతశాఖ, చదవడం రాయడం వచ్చా, కాలనీలో ముందే బంధువులెవరైనా ఉన్నారా. ఆ చివరి గడిని వదిలేయకండి. "అన్న, మెయిట్‌లాండ్‌లో" అని ఒక్క ముక్క రాసి ఉంటే చాలు, తీగ లాగితే డొంకంతా కదులుతుంది. విక్టోరియాకు ప్రభుత్వ సాయంతో వచ్చిన బ్రిటిష్ వలసదారుల పేర్లు 1839 నుంచి 1871 దాకా పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ విక్టోరియాలో ఉచితంగా వెతకవచ్చు.

రెండు జాగ్రత్తలు. సాయం దొరికేది వయసులో ఉన్నవారికి, పొలం పని, ఇంటి పని వచ్చినవారికి కాబట్టి, వయసు తగ్గించి చెప్పినవాళ్లూ, మగ్గం నేసేవాడై ఉండి వ్యవసాయ కూలీని అన్నవాళ్లూ ఉన్నారు. ఓడ జాబితాలోని వయసును ఐదేళ్లు అటూ ఇటూ చూసుకోండి. రెండోది, ఓడలో పక్కపక్కన ఉన్న పేర్లన్నీ రాసుకోండి. ఒకే ఊరివాళ్లు కలిసి బయలుదేరడం మామూలే. ఓడలో పక్కనున్న కుటుంబం పదేళ్ల తర్వాత పెళ్లి సాక్షులుగా కనబడవచ్చు.

సొంత డబ్బుతో వచ్చినవారిది కష్టమైన కేసు. 1851 తర్వాత బంగారం కోసం విక్టోరియాకు ఎగబడినవారిలో ఇలాంటివారు చాలామంది. విక్టోరియాకు 1852 నుంచి జాబితాలున్నాయి. మిగతా చోట్ల పత్రికల్లోని ఓడల రాకపోకల వార్తే దిక్కు, అందులో క్యాబిన్ ప్రయాణికుల పేర్లు వేసి, కింది అంతస్తులో వచ్చినవారిని ఒక అంకెతో సరిపెట్టేవారు. అలాంటప్పుడు ఓడ పేరు దొరకకపోయినా ఫర్వాలేదు, ముందుకు వెళ్లండి.

ఖైదీగా వచ్చి ఉంటే? 1788 నుంచి 1868 దాకా లక్షా అరవై వేలకు పైగా మనుషులను శిక్షగా ఆస్ట్రేలియాకు పంపారు. చాలా కుటుంబాలు రెండు మూడు తరాలు ఈ సంగతి దాచాయి. న్యూ సౌత్ వేల్స్‌కు పంపడం 1840లో, టాస్మేనియాకు 1853లో ఆగింది. వచ్చిన తేదీ ఈ లోపలిదై, స్వేచ్ఛగా వచ్చినవారి జాబితాల్లో పేరు లేకపోతే ఖైదీల పుస్తకాలు చూడండి. ఎత్తు, కళ్ల రంగు, పచ్చబొట్లు కూడా వాటిలో రాశారు. లండన్‌లో శిక్ష పడి ఉంటే అక్కడి నేర న్యాయస్థానం ఓల్డ్ బెయిలీ విచారణల పాఠం ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవవచ్చు. రొట్టె, చొక్కా, చెంచాల దొంగతనాలే అక్కడ ఎక్కువగా కనిపిస్తాయి. ఆ మనిషిని తక్కువగా చూడవలసిన పని మనకు లేదు.

పత్రికలు

ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్‌లో పాత పత్రికలు ఉచితంగా చదవవచ్చు. న్యూజిలాండ్‌కు పేపర్స్ పాస్ట్ ఉంది. ఆస్ట్రేలియాలో 19వ శతాబ్దపు జనాభా లెక్కల ఇంటింటి వివరాలు చాలావరకు నాశనమయ్యాయి కాబట్టి, ఓడ దిగిన రోజుకూ చనిపోయిన రోజుకూ మధ్యనున్న జీవితాన్ని పత్రికలే నింపాలి.

ఈ సైట్లలో పత్రికల పాఠాన్ని యంత్రం చదివి అక్షరాల్లోకి మార్చింది, అందులో తప్పులుంటాయి. ఇంటిపేరుతో దొరకకపోతే వీధి పేరుతో, పొలం పేరుతో, ఓడ పేరుతో వెతకండి. మరణ ప్రకటనల్లో "ఇంగ్లండ్ పత్రికలు దయచేసి ఇది తిరిగి ప్రచురించగలరు" అన్న అర్థం వచ్చే మాట ఉందేమో చూడండి. కొన్నిసార్లు కౌంటీ (ఇంగ్లండ్‌లో మన జిల్లా లాంటిది) పేరు చెప్పి మరీ అడిగేవారు. అంటే ఆ కౌంటీలో చదవవలసిన బంధువులు ఇంకా ఉన్నారన్నమాట. ఏళ్ల తరబడి ఉత్తరం రాయని కొడుకు కోసం ఇంగ్లండ్ నుంచి తల్లిదండ్రులు వేయించిన ప్రకటనలూ దొరుకుతాయి. అవి చదువుతుంటే మనసు ఊరికే ఉండదు.

ఇప్పుడు ఇంగ్లండ్ వైపు

మీ చేతిలో ఈపాటికి పేరు, పుట్టిన సంవత్సరం, కౌంటీ, వీలైతే ఊరు, తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు ఉండాలి. వీటిలో ఊరూ తల్లి పేరూ రెండూ లేకపోతే ఇంకాస్త అక్కడే వెతకండి.

ఇంగ్లండ్‌లో గీత 1837 జులై 1. ఆ రోజు నుంచి జనన మరణ వివాహాల ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంది. అంతకుముందువన్నీ చర్చి పుస్తకాల్లో ఉంటాయి. పార్క్స్ పెళ్లి 1836 జులై 11న ఎడ్జ్‌బాస్టన్‌లో జరిగింది. ఏడాది తర్వాత జరిగి ఉంటే ఇద్దరి తండ్రుల పేర్లు, వృత్తులు రిజిస్టర్‌లో గడులు కట్టి మరీ ఉండేవి. ముందు జరిగింది కాబట్టి ఆ గడులు లేవు.

1837 తర్వాతి జననాలకు జనరల్ రిజిస్టర్ ఆఫీసు సొంత సూచీ వాడండి. అందులో మొదటి నుంచీ తల్లి పుట్టింటి పేరు ఉంది. తండ్రి ఇంటిపేరు, తల్లి పుట్టింటి పేరు రెండూ కలిపి వెతికితే ఆ దంపతుల పిల్లలందరూ ఒక వరుసలో వస్తారు. సూచీ మూడేసి నెలల చొప్పున ఉంటుంది, ఆరు వారాల దాకా నమోదు గడువు ఉంది కాబట్టి మార్చి చివర పుట్టిన బిడ్డ జూన్ త్రైమాసికంలో కనబడవచ్చు. సూచీలో ఉండే పేరు రిజిస్ట్రేషన్ జిల్లాది, ఊరిది కాదు. 1875కు ముందు నమోదు చేయించకుండా వదిలేసిన జననాలూ కొన్ని ఉన్నాయి, అప్పుడు మళ్లీ చర్చి పుస్తకమే గతి.

జనాభా లెక్కల్లో 1841వి, అంటే జూన్ 6 రాత్రివి, తొలిసారిగా పేర్లతో మిగిలాయి. 15 దాటినవారి వయసును అందులో ఐదు గుణింతానికి తగ్గించి రాయమన్నారు కాబట్టి 29 ఏళ్లవాడు 25 అని ఉంటాడు. బంధుత్వాలు, పుట్టిన ఊరు 1851 నుంచే కనిపిస్తాయి. మీ పూర్వీకుడు అప్పటికే వెళ్లిపోయినా ఈ లెక్కలు చూడండి, వెనక మిగిలిన తల్లిదండ్రులు, చెల్లెళ్లు వాటిలోనే ఉంటారు.

చర్చి పుస్తకాల్లో 1813 నుంచి బాప్తిస్మానికి అచ్చు ఫారం వచ్చింది, తండ్రి వృత్తి, నివాసం రాసే గడులతో. పార్క్స్ 1815లో వార్విక్‌షైర్‌లోని కాన్లీలో పుట్టి, దగ్గర్లోని స్టోన్‌లీలో బాప్తిస్మం పొందాడు. ఈ తేడా గమనించండి: పుట్టిన పల్లె ఒకటి, చర్చి ఉన్న ఊరు ఇంకొకటి. ఇంగ్లండ్ అధికార చర్చి అయిన ఆంగ్లికన్ పుస్తకంలో లేకపోతే మెథడిస్ట్, బాప్టిస్ట్ వంటి చర్చిల పుస్తకాలు చూడండి. అసలు పుస్తకం పాడైపోతే బిషప్‌కు ఏటా పంపిన నకలు ఉంటుంది. ఈ రికార్డులు వెతికే ఫ్యామిలీసెర్చ్, ఫ్రీబీఎండీ, ఫ్రీరెగ్ సైట్లు ఉచితం. డబ్బు కట్టి చూసే సైట్లు ఊరు తెలిశాక ఒక నెలకు తీసుకుంటే సరిపోతుంది.

ఇతనే అతనని ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ఆ కౌంటీలో సరిపోయే వయసులో అదే పేరుతో ముగ్గురు దొరికారనుకుందాం. మనకు నచ్చినవాడిని నిరూపించే ప్రయత్నం చేయకండి. ముగ్గురినీ ముందుకు తీసుకెళ్లండి. ఒకడు నాలుగేళ్లకే చనిపోయినట్టు మరణ నమోదు ఉంటుంది. ఇంకొకడు 1851లో భార్యాబిడ్డలతో అదే ఊళ్లో ఉంటాడు, మీవాడు అప్పటికే ఆస్ట్రేలియాలో ఉన్నాడు. మిగిలినవాడు 1841 తర్వాత ఇంగ్లండ్‌లో పెళ్లిగానీ చావుగానీ లేకుండా మాయమై ఉంటే అప్పుడు అనుమానం బలపడుతుంది. అయినా ఇంకా రుజువు కాలేదు.

రుజువుకు రెండు దేశాల కాగితాలు ఒకదాన్నొకటి తాకాలి. తండ్రి వీలునామాలో "ఆస్ట్రేలియాలో ఉన్న నా కొడుక్కి" అన్న మాట అలాంటిది. ఇంగ్లండ్, వేల్స్ వీలునామాల జాతీయ సూచీ 1858 నుంచి ఉంది. రెండు పెళ్లి పుస్తకాల్లో సంతకం పోలిక ఒక సాయం. ఇక్కడ చక్కగా సంతకం చేసినవాడు అక్కడ సంతకం రానివాడిలా గుర్తు పెట్టి ఉంటే ఆగి ఆలోచించాలి. పెద్దకూతురికి నాయనమ్మ పేరు, ఓడలో తోడున్న కుటుంబం అదే ఊరిది కావడం, ఇవన్నీ కలిసి బరువు పెంచుతాయి. డీఎన్‌ఏ పరీక్షలో ఆ ఇంగ్లండ్ కుటుంబం వారసులతో పోలిక వస్తే మంచిదే. కాకపోతే నాలుగైదు తరాల దూరంలో పోలిక రాకపోయినా బంధుత్వం లేదని అర్థం కాదు. పరీక్షకు ముందు ఇంట్లోవాళ్ల అంగీకారం తీసుకోండి, బయటపడేవి కొన్ని వాళ్ల రహస్యాలు.

ఆన్‌లైన్‌లో ఇతరులు పెట్టిన వంశవృక్షాలను సూచనగానే చూడండి. ఒకరి ఊహను యాభై మంది కాపీ చేస్తే అది యాభై సాక్ష్యాలు అయిపోదు.

ఇంకో మాట. భార్య వైపు కూడా ఇంతే శ్రద్ధతో వెతకండి. ఆమె కూడా అదే ఓడలో, చాలాసార్లు కడుపుతోనో చంటిబిడ్డతోనో వచ్చింది. ఇంటిపేరు మారడం వల్ల, మళ్లీ పెళ్లాడితే ఇంకోసారి మారడం వల్ల రికార్డుల్లో త్వరగా తప్పిపోయేది ఆమే.

ఎందుకు వెళ్లాడు?

దీనికి ఏ ఫారంలోనూ గడి లేదు, చుట్టూ చూసి తెలుసుకోవాలి. పార్క్స్ తండ్రి థామస్ కౌలు రైతు, అప్పులపాలై పొలం వదులుకున్నాడు. హెన్రీ, క్లారిండాలకు పుట్టిన మొదటి ఇద్దరు పిల్లలూ పసితనంలోనే పోయారు. లండన్‌లో కొన్ని వారాలు ప్రయత్నించినా బతుకు దొరకలేదు. ఆ తర్వాతే ఓడ. మీ పూర్వీకుడికీ బయలుదేరే ముందు ఐదేళ్లలో ఏం జరిగిందో వరుసగా రాయండి: పిల్లల మరణాలు, మారిన అద్దె ఇళ్లు, మారిన వృత్తి. 1834 నాటి పేదల సహాయ చట్టం తర్వాత పేదలను వలస పంపడానికి పారిష్‌లు (ఒక్కో చర్చి కింది ఊళ్ల స్థానిక పాలనలు) డబ్బు పెట్టగలిగాయి, ఆ లెక్కలు కౌంటీ రికార్డు ఆఫీసుల్లో దొరుకుతాయి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ సైటులో ఇంగ్లండ్ పాత సర్వే పటాలు కూడా ఉచితంగా ఉన్నాయి. పల్లె, మిల్లు, చర్చి ఎంత దూరమో కళ్లతో చూడవచ్చు.

మద్రాసు వైపు వచ్చినవాడైతే

ఆస్ట్రేలియాకు బదులు మన వైపు వచ్చినవారి కాగితాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల నకళ్లను లండన్ పంపేవారు. వాటి వరుస పేరు ఎన్/2. సైనికులకు, రైల్వే ఉద్యోగులకు వేరే పుస్తకాలున్నాయి. బ్రిటిష్ ఇండియాలోని కుటుంబాల వివరాలు సేకరించే ఫిబిస్ అనే స్వచ్ఛంద సంఘం సూచీ వెతకడానికి ఉచితం. ఊళ్ల పేర్లు పాత రూపాల్లో ఉంటాయి: మచిలీపట్నానికి మసులిపటం, కాకినాడకు కొకనాడ, విశాఖకు విజగపటం, ఏలూరుకు ఎల్లోర్. పాత కంటోన్మెంట్ సమాధుల తోటలకు వెళితే రాతి మీదున్న రెజిమెంట్ పేరు, కంపెనీ నంబరు కూడా ఫోటో తీసుకోండి. సైనిక పుస్తకాల్లో పేరు కంటే వాటితోనే మనిషి త్వరగా దొరుకుతాడు.